మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరం ఎలా చెప్పాలి: మ్యాపు చదవడం నుంచి తుది జీవో దాకా

ఊళ్లో ఏ భూమిని దేనికి వాడాలో, రోడ్లు ఎటు పోవాలో ముందే గీసి పెట్టే మాస్టర్ ప్లాన్ అనేది ఒకటుందని చాలామందికి ఇంటి ప్లాన్ అనుమతికి వెళ్లినప్పుడే తెలుస్తుంది. "మీ సైటులో సగం అరవై అడుగుల రోడ్డులో పోతోందండీ" అనో, "ఇది గ్రీన్ జోన్‌లో ఉంది, అనుమతి రాదు" అనో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చెబుతారు. ఎప్పుడు పెట్టారని అడిగితే పాత జీవో తీసి చూపిస్తారు. అభ్యంతరాలుంటే చెప్పమని అప్పట్లో పేపర్లో వేశాం కదా అంటారు. వేసే ఉంటారు. ఆ పేజీ ఎవరూ చదవలేదు, అంతే.

2023 జనవరిలో కామారెడ్డిలో కథ వేరుగా నడిచింది. తమ సాగుభూములను ముసాయిదాలో పరిశ్రమల జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కారు. చివరకు మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలో కూడా అదే నెలలో అలాంటి తీర్మానమే జరిగింది. జనం కదిలితే పని జరుగుతుందనడానికి అవి రుజువులే. కానీ ఒక కాలనీలో ముప్ఫై నలభై ఇళ్ల మధ్య నుంచి గీత పోతే అంతమంది రోడ్డు మీదికి రారు. అలాంటివాళ్లకు మిగిలే దారి ఒక్కటే: గడువులోపల, ఆధారాలతో, రసీదు తీసుకుని ఇచ్చే కాగితం. ధర్నా చేసినా చేయకపోయినా ఆ కాగితం ఉండాలి. రేపు అభ్యంతరాలు పరిశీలించే కమిటీ ముందైనా, కోర్టులోనైనా ఫైల్లో కనిపించేది అదే.

ముందు ఒక భయం తీర్చుకోండి

మాస్టర్ ప్లాన్‌లో మీ పొలం మీద ఆకుపచ్చ రంగో, రోడ్డు గీతో పడినంత మాత్రాన భూమి ప్రభుత్వానిది అయిపోదు. యాజమాన్యం మీదే. భూమి తీసుకోవాలంటే సేకరణ ప్రక్రియ వేరే జరగాలి, దానికి 2013 భూసేకరణ చట్టం ఉంది. మాస్టర్ ప్లాన్ నిర్ణయించేది ఆ భూమిలో ఏం కట్టుకోవచ్చు, ఏం కట్టుకోకూడదు అన్నది.

అలాగని తేలిగ్గా తీసుకునే విషయమూ కాదు. జోన్ మారితే భూమి ధర మారుతుంది, బ్యాంకు అప్పు మీద ప్రభావం ఉంటుంది, ఇంటి అనుమతి ఆగుతుంది. రోడ్డులో పోయే భాగాన్ని వదిలితేనే మిగతా సైటులో కట్టుకోనిస్తారు. దానికి బదులుగా టీడీఆర్ బాండో (పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రం), నిర్మాణ నిబంధనల్లో కొంత సడలింపో ఇస్తారు. ఈ తేడా తెలిసి మాట్లాడే మనిషిని అధికారి ఒకలా వింటాడు, "మా భూములు గుంజుకుంటున్నారు" అని అరిచే మనిషిని ఇంకోలా వింటాడు.

ప్లాన్ ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు ఇవ్వదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూల్‌లో రాసింది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. కాగితం మీద అంతే. మన రెండు రాష్ట్రాల్లోనూ చివరి సంతకం రాష్ట్ర ప్రభుత్వానిదే.

మామూలుగా నడిచే వరస ఇది. మున్సిపాలిటీ గానీ పట్టణాభివృద్ధి సంస్థ గానీ ఒక కన్సల్టెన్సీకి పని అప్పగిస్తుంది. వాళ్లు బేస్ మ్యాపు తయారు చేసి, ప్రస్తుతం ఏ భూమి దేనికి వాడుతున్నారో సర్వే చేసి, రాబోయే 20 ఏళ్ల జనాభా లెక్కగట్టి ముసాయిదా ఇస్తారు. దాన్ని ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు, సూచనలు తీసుకుంటారు. వాటిని పరిశీలించాక ఫైలు పైకి వెళ్తుంది, మున్సిపల్ శాఖ జీవో ఇస్తుంది. మున్సిపాలిటీల ప్లాన్లు డీటీసీపీ, అంటే పట్టణ ప్రణాళిక డైరెక్టరేట్, చేతుల మీదుగా పోతాయి.

మీ ఊరు ఎవరి పరిధిలో ఉందన్నది ఇక్కడ కీలకం. హైదరాబాద్ చుట్టుపక్కల హెచ్‌ఎండీఏ అనే పట్టణాభివృద్ధి సంస్థ చూస్తుంది. 2013 జనవరిలో జీవో ఇచ్చిన 2031 మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ దానిదే. అలాంటి సంస్థలే విశాఖ ప్రాంతంలో వీఎంఆర్‌డీఏ, అమరావతి ప్రాంతంలో సీఆర్‌డీఏ ఉన్నాయి. వీటి పరిధిలోకి పట్టణాలే కాదు, గ్రామాలు కూడా పెద్ద సంఖ్యలో వస్తాయి. "మాది పంచాయతీ, మాకెందుకు మాస్టర్ ప్లాన్" అనుకున్న ఊళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతాయి. పంచాయతీ కార్యదర్శినో, మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ అధికారినో మూడు ప్రశ్నలు అడగండి: ఇప్పుడు అమల్లో ఉన్న ప్లాన్ ఏది, అది ఏ ఏడాది దాకా, కొత్తది తయారవుతోందా? ఆంధ్రలో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టవచ్చు.

ముసాయిదా రాకముందే వెళ్లగలిగితే

నా ఉద్దేశంలో అసలైన అవకాశం ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. గీతలు గీశాక ఒక గీతను జరపమంటే పక్కవాడి మీద పడుతుంది కాబట్టి అధికారులు ఒప్పుకోరు. గీయకముందు చెబితే ఖర్చు లేదు.

కొత్త ప్లాన్ పని మొదలైందని తెలిస్తే అప్పుడే మున్సిపల్ కమిషనర్‌కు ఒక లేఖ ఇవ్వండి. డిమాండ్లు రాయనక్కర్లేదు, ఉన్న వాస్తవాలు ఇవ్వండి. మీ ప్రాంతంలో ఆమోదం పొందిన లేఅవుట్లు, వాటి ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబర్లు. పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలాలు. వానాకాలంలో నీళ్లు నిలిచే వీధులు. చెరువు అలుగు పారితే నీరు ఏ దారిన పోతుందో. శ్మశానం, ఈద్గా, గుడి మాన్యం ఎక్కడున్నాయో. డొంకలు, పుంతలు, బండ్ల బాటలు. ఇవేవీ ఉపగ్రహ చిత్రంలో సరిగ్గా కనిపించవు. ఎండాకాలంలో తీసిన చిత్రంలో ఎండిపోయిన వాగు ఖాళీ స్థలంలా ఉంటుంది. కన్సల్టెన్సీవాళ్లు వేరే ఊరివాళ్లు, వాళ్లకు ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

ఈ దశలో వాటాదారుల సమావేశం అంటూ ఒకటి పెడతారు. పిలుపు తరచూ ప్రజాప్రతినిధులకు, బిల్డర్ల సంఘాలకు, ఇంజినీర్లకు వెళ్తుంది. కాలనీ సంక్షేమ సంఘానికి, రైతు సంఘానికి, వీధి వ్యాపారుల సంఘానికి కూడా పిలుపు కావాలని ముందే లేఖలో అడగండి. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ యువజన, మహిళా, సీనియర్ సిటిజన్, ప్రముఖ పౌరుల కమిటీలు ఉండాలంటుంది. మీ వార్డులో అవి పేరుకే ఉన్నా సరే, ఆ సభ్యుల సంతకాలతో వెళ్లే లేఖకు బరువు ఎక్కువ.

ప్రకటనను పట్టుకోవడం

ముసాయిదా ప్రకటన గెజిట్లోనూ, దినపత్రికల్లోనూ, ఆఫీసు నోటీసు బోర్డు మీదా, వెబ్‌సైటులోనూ వస్తుంది. పత్రికలో జిల్లా పేజీలో చిన్న అక్షరాలతో ఉంటుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరికి ఈ బాధ్యత ఒప్పజెప్పండి.

దొరకగానే ఫొటో తీసి దాచుకోండి. గడువు ఎన్ని రోజులో, ఏ తేదీ నుంచి లెక్కో, అర్జీ ఎవరి పేర, ఏ ఆఫీసులో ఇవ్వాలో అందులోనే ఉంటుంది. ఇతరుల మాట విని "నెల రోజులుంటుందిలే" అనుకోవద్దు, ప్రకటనలో రాసిందే లెక్క. గడువు పొడిగించమని అడగాలంటే గడువు ఉండగానే రాతపూర్వకంగా అడగాలి.

మ్యాపు, నివేదిక తెలుగులో లేకపోతే, వెబ్‌సైటులో పెట్టిన ఫైలు జూమ్ చేస్తే మసకబారుతుంటే, అదే ఒక అభ్యంతరం. మొదటి వారంలోనే రాసి ఇవ్వండి. జనం చదవలేని దాన్ని జనం ముందు పెట్టామంటే ఎలా?

మ్యాపు చదవడం

ఇక్కడ ఒక పూట కేటాయించండి. తొందరపడితే మిగతా పనంతా వృథా.

ముందు స్కేలు చూడండి. 1:10,000 అని ఉంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద వంద మీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు మందం ఉన్న గీత దాదాపు ముప్ఫై మూడు అడుగులు. గీత మందమే ఒక రోడ్డంత ఉన్నప్పుడు, మీ ఇల్లు అందులో పోతోందో లేదో ఫోన్లో పీడీఎఫ్ చూసి తేల్చలేరు. పట్టణాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం కింద జీఐఎస్‌తో, అంటే కంప్యూటర్ మ్యాపులతో, తయారయ్యే ప్లాన్లకు 1:4,000 స్కేలు నిర్దేశించారు. అక్కడ మిల్లీమీటరుకు నాలుగు మీటర్లు, కాస్త మేలు. ఏదైనా సరే, ఆఫీసుకెళ్లి కంప్యూటర్లో మీ ప్రాంతాన్ని పెద్దది చేసి చూపించమని అడగండి, ఆ భాగం ప్రింటు తీసుకోండి.

తర్వాత రంగులు. సాధారణంగా పసుపు నివాసానికి, నీలం వాణిజ్యానికి, ఊదా పరిశ్రమకు, ఎరుపు ప్రభుత్వ, ప్రజోపయోగ స్థలాలకు, ఆకుపచ్చ పార్కులకు, లేత ఆకుపచ్చ సాగుభూమికి వాడతారు. కానీ ఒక్కో ప్లాన్‌లో ఛాయలు మారతాయి. మ్యాపు మూలన ఉండే సూచిక చూడకుండా మాట్లాడొద్దు. పార్కు ఆకుపచ్చకూ సాగు ఆకుపచ్చకూ మీ జీవితంలో చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు మీ సర్వే నంబరు. మాస్టర్ ప్లాన్ మీద సర్వే నంబర్ల గీతలు ఒక్కోసారి తప్పుగా కూర్చుంటాయి. పాత గ్రామ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచినప్పుడు ఇరవై ముప్ఫై మీటర్లు పక్కకు జరగడం వింతేమీ కాదు. గ్రామ నక్షా, మీ సర్వే నంబరు కొలతలుండే ఎఫ్‌ఎంబీ స్కెచ్ లేదా టిప్పన్ దగ్గర పెట్టుకోండి. నేల మీద కదలని గుర్తులు ఎంచుకోండి: రైలు పట్టాలు, చెరువు కట్ట, పాత బావి, రెండు రోడ్లు కలిసే చోటు. అక్కడి నుంచి దూరం కొలిచి మ్యాపుతో సరిపోల్చండి. తేడా బయటపడితే మీ అభ్యంతరానికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు, ఎందుకంటే అది అభిప్రాయం కాదు, కొలత.

చెరువుల సంగతి విడిగా చూడండి. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు, ఉందా? దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్ చూపించారా? తెలంగాణ నిర్మాణ నిబంధనల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. చిన్న కుంటలు ముసాయిదాల్లోంచి మాయమవుతుంటాయి. రెవెన్యూ రికార్డుల్లో శిఖం (చెరువు నీరు నిలిచే భూమి) అని ఉన్న సర్వే నంబరు పసుపు రంగులో కనిపిస్తే వెంటనే రాసుకోండి. అది మీ భూమి కాకపోయినా మీ సమస్యే. ఆ నీళ్లు వచ్చేది మీ వీధిలోకి.

మ్యాపుతోపాటు నివేదిక, జోనింగ్ నిబంధనలు అని మరో రెండు పుస్తకాలుంటాయి. మ్యాపు చూసి సంతోషించి ఈ పుస్తకాలు తెరవనివాళ్లే ఎక్కువ. నివాస జోన్‌లో ఏయే వ్యాపారాలకు అనుమతి ఉంటుందో జోనింగ్ నిబంధనల్లో ఉంటుంది. ఇంటి పక్కన ఫంక్షన్ హాలు రావచ్చో లేదో తేల్చేది అదే. నివేదికలో జనాభా అంచనా చూడండి. 2011 తర్వాత జనగణన లేకుండానే తయారైన ప్లాన్లలో అంతా అంచనాల మీదే నడుస్తుంది. అంచనా ఎక్కువ వేస్తే ఊరికి అక్కర్లేనంత భూమి నివాస జోన్‌లోకి వస్తుంది, తక్కువ వేస్తే నీళ్లకు, డ్రైనేజీకి చోటు చాలదు.

ఏ అభ్యంతరం నిలబడుతుంది

కమిటీ ముందుకు వందలూ వేలూ కాగితాలు వస్తాయి. వాటిలో అత్యధికం "నా భూమిని ఈ జోన్ నుంచి తీసేయండి" అనే ఒక్క వాక్యమే. అవి కట్టలు కట్టి ఒక్క వాక్యంతోనే తిరస్కరిస్తారు.

సులువుగా ఒప్పుకునేవి వాస్తవ తప్పులు. అనుమతి ఉన్న ఇళ్ల మీద పార్కు చూపించడం, ఆమోదిత లేఅవుట్ మధ్య నుంచి రోడ్డు గీయడం, ఉన్న బడిని ఖాళీ స్థలంగా చూపడం. వీటికి అనుమతి పత్రం నకలు, ఫొటో చాలు.

రెండోది, పాత ప్లాన్‌తో పొసగనివి. పాత ప్లాన్ ప్రకారం మీరు స్థలం వదిలేసి ఇల్లు కట్టుకున్నారు, కొత్తదాంట్లో రోడ్డు మళ్లీ వెడల్పయింది. ఒకే మనిషి దగ్గర రెండుసార్లు తీసుకోవడం న్యాయమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం అధికారికి కష్టం.

మూడోది ప్రత్యామ్నాయం చూపేవి. రోడ్డు వద్దంటే వినరు. పక్కనే ఉన్న డొంకనో, ప్రభుత్వ భూమినో వాడి అదే రెండు చివరలనూ కలిపే దారి గీసి ఇస్తే చూస్తారు. రెండు దారుల్లో ఎన్ని ఇళ్లు పోతాయో పక్కపక్కన లెక్క రాయండి. ఒక జాగ్రత్త: ఆ దారి ఇంకొకరి ఇంటి మీదుగా పోతుంటే ముందు వాళ్లతో మాట్లాడండి. లేకపోతే వాళ్ల అభ్యంతరం మీ అభ్యంతరాన్ని కొట్టేస్తుంది, ముసాయిదాలో గీత ఉన్నచోటే ఉండిపోతుంది.

విధానపరమైన అభ్యంతరాలు, అంటే పేదల ఇళ్లకు చోటేది, కూరగాయల మార్కెట్‌ను ఊరవతలికి ఎందుకు పంపుతున్నారు, డంపింగ్ యార్డు దళితవాడ పక్కనే ఎందుకు అనేవి, విడి కాగితంగా ఇవ్వండి. సొంత స్థలం గొడవతో కలిపితే రెండూ పలచబడతాయి.

పెద్దాయన ఎవరో ఒకరు "పది వేల సంతకాలు పెట్టిద్దాం" అంటారు. పెట్టించండి, కానీ ఒకే కాగితం కింద పది వేల సంతకాలుంటే దాన్ని ఒక్క అభ్యంతరంగా లెక్కగట్టే వీలుంది. ఎవరి సర్వే నంబరు, ఎవరి ఇంటి నంబరు వాళ్లు రాసుకుని విడివిడిగా ఇచ్చిన నలభై అర్జీలు అంతకన్నా మేలు.

అర్జీ ఇలా రాయవచ్చు

"విషయం: ముసాయిదా మాస్టర్ ప్లాన్ – ఫలానా గ్రామం, సర్వే నంబర్లు ఫలానా మీదుగా ప్రతిపాదించిన 24 మీటర్ల రోడ్డు – అభ్యంతరం, ప్రత్యామ్నాయ సూచన.

సూచిక: ఫలానా తేదీ నాటి మీ ప్రకటన.

అయ్యా, పై సర్వే నంబరులో నాకు ఇన్ని గజాల స్థలం, అనుమతి పొందిన ఇల్లు ఉన్నాయి (పత్రం 1, 2). ముసాయిదా మ్యాపులో ప్రతిపాదిత రోడ్డు ఈ ఇంటితోపాటు మరో పద్దెనిమిది ఇళ్ల మీదుగా వెళ్తోంది (పత్రం 3). దీనికి ఉత్తరాన ఉన్న డొంక మీదుగా రోడ్డు వేస్తే రెండు ఇళ్లు మాత్రమే ప్రభావితమవుతాయి (పత్రం 4, గీసిన పటం). కనుక రోడ్డు అమరికను మార్చాలని, నిర్ణయానికి ముందు నన్ను వ్యక్తిగతంగా వినాలని, నిర్ణయాన్ని కారణాలతో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను."

ఇంతే. రెండు పేజీలు దాటనివ్వకండి. తిట్లు, రాజకీయం, కవిత్వం అక్కర్లేదు. చివరి వాక్యంలో అడిగిన రెండూ, వినడమూ కారణాలు చెప్పడమూ, తప్పక రాయండి.

అర్జీ ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. "కౌన్సిలర్ గారికి ఇచ్చాం", "ఎమ్మెల్యే గారి పీఏ తీసుకున్నారు" అంటే లెక్కలోకి రాదు. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. సోమవారం ప్రజావాణిలోనో, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో కలెక్టర్‌కు ఇవ్వడం మంచిదే. అది అదనం, అసలు అర్జీకి బదులు కాదు.

సమాచార హక్కు దరఖాస్తు కూడా మొదటి వారంలోనే వేయండి. జవాబుకు 30 రోజుల గడువుంది కాబట్టి అది వచ్చేసరికి మీ అభ్యంతరాల గడువు అయిపోవచ్చు. అందుకని దాని కోసం ఆగకుండా అర్జీ ఇచ్చేయండి, "అడిగిన పత్రాలు అందాక అదనపు అభ్యంతరాలు సమర్పిస్తాను" అని ఒక వాక్యం చేర్చండి.

విచారణ రోజు

పిలుపు వస్తే మీకు దొరికేది కొన్ని నిమిషాలే. వీధి నుంచి ఒక్కరు మాట్లాడండి, మిగతావాళ్లు కాగితాలు అందించండి. పెద్ద ప్రింటు మీద మీ ప్రాంతాన్ని ఎర్ర పెన్నుతో చుట్టి తీసుకెళ్లండి. చర్చంతా ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది. చెప్పింది నమోదు చేశారా అని అడిగి, ఇంటికొచ్చాక "ఈరోజు విచారణలో నేను చెప్పిన అంశాలు ఇవి" అని అర పేజీ లేఖ అదే ఆఫీసుకు పంపండి. ఎవరూ చేయరు గానీ, తర్వాత ఎంతో పనికొస్తుంది.

కౌన్సిల్ ఉన్న ఊళ్లో అజెండాలోకి మాస్టర్ ప్లాన్ అంశం ఎప్పుడు వస్తోందో మీ వార్డు సభ్యుణ్ణి కనుక్కోమనండి. సమావేశానికి రెండు రోజుల ముందు ఆయన చేతిలో మీ వార్డు విషయాలు ఒక్క పేజీలో ఉండాలి. ఆ లావుపాటి నివేదిక ఆయనా చదివి ఉండరు. మీ పేజీ చూసి మాట్లాడతారు.

తుది ప్లాన్ వచ్చాక

మీ అర్జీ మీద ఏ నిర్ణయం తీసుకున్నారు, ఏ కారణంతో అన్నది సమాచార హక్కు కింద అడగండి. అభ్యంతరాల జాబితా, కమిటీ సిఫార్సులు, కౌన్సిల్ తీర్మానం నకళ్లు కోరండి. జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లండి. ఇచ్చిన అభ్యంతరాన్ని అసలు పరిశీలించలేదని తేలితే హైకోర్టులో రిట్ వేయడానికి లాయర్ అడిగే మొదటి కాగితాలు ఇవే.

జీవో వచ్చిన రోజే తుది మ్యాపును ముసాయిదా మ్యాపుతో పక్కపక్కన పెట్టి చూడండి. మీ అభ్యంతరం ఒప్పుకున్నారా అన్నది ఒక్కటే కాదు, ముసాయిదాలో లేని కొత్త గీత ఏదైనా వచ్చిందా అన్నది కూడా. ఎవరి అభ్యంతరం మేరకో జరిగిన రోడ్డు మీ పెరట్లోకి వచ్చి ఉండవచ్చు.

ఆ తర్వాత కూడా భూ వినియోగ మార్పిడి ప్రకటనలు వస్తూనే ఉంటాయి. పార్కుగా ఉన్న స్థలాన్ని వాణిజ్యానికి మార్చాలన్నా, సాగు జోన్‌లో పరిశ్రమకు చోటివ్వాలన్నా విడిగా ప్రకటన వేసి అభ్యంతరాలు అడుగుతారు. వాటికి గడువు తక్కువ, ప్రచారం ఇంకా తక్కువ. పేపరు చూసే పని అప్పగించిన మనిషిని ప్లాన్ అయిపోయిందని ఆ బాధ్యత నుంచి తప్పించకండి.